ముత్యాలన్న రంగులేసిన సైకిలు

నిరుడు జూన్ మొదటి వారంలో, వేట నిషేధం ఇంకా పదిరోజులు ఉందనగా, ముత్యాలన్న ఒక సైకిలు ఫ్రేమును భుజాన వేసుకొని నా షాపులోకి వచ్చాడు. లోపలికి అడుగు పెడుతూనే బస్సు కండక్టరును తిడుతున్నాడు. చక్రాలే లేని సైకిలుకి లగేజీ టికెట్టేందని ఆయన గొడవ. ఆ కండక్టరు అక్కడ లేడు, బస్సు వెళ్ళిపోయి పావుగంటయింది. అయినా వదల్లేదు. తిట్లు అయిపోయాక ఫ్రేమును నా చేతుల్లో పెట్టి, పసిబిడ్డను అందించేవాడిలా కింద ఆనించిన చెయ్యి మాత్రం తియ్యలేదు.

"జాగ్రత్తబ్బయా. మా తమ్ముడిది" అన్నాడు.

నన్ను పెంచల్ అంటారు. కోట అనే ఊళ్ళో సైకిల్ షాపు నాది. అంతకుముందు పన్నెండేళ్ళు మద్రాసులో రేసు సైకిళ్ళు బాగుచేసే చోట పనిచేశాను. ఇక్కడ నా చేతికి వచ్చేవి రెండు రకాలు. గడ్డిమోపులు, పాల క్యాన్లు మోసి మోసి నడుం వంగిన పాత సైకిళ్ళు ఒక రకం. పిల్లకాయలు ఏడ్చి కొనిపించుకొని, మూణ్ణెల్లు తొక్కి, గేర్లు ఇరగ్గొట్టి మూలన పడేసే లావు టైర్ల సైకిళ్ళు రెండో రకం. ఈ రెండో రకాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సముద్రం పక్కన ఉండి గేర్ల సైకిలు కొనడమంత తెలివితక్కువ పని లేదు. ఈ ఉప్పుగాలి రెండేళ్ళు తిరక్కుండా గేరు తీగల్ని తినేస్తుంది. ఈ మాట వచ్చినవాళ్ళందరికీ చెబుతాను. ఎవరూ వినరు. విరగ్గొట్టుకొని మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

ముత్యాలన్న తెచ్చిన ఫ్రేమును చూడగానే మాత్రం నా విసుగంతా పోయింది. అది పాతకాలపు అసలు రేసు సైకిలు. సన్నటి ఉక్కు గొట్టాలు, ప్రతి కీలుకీ తొడుగు తొడిగి ఇత్తడి కరిగించి అతికినవి. అంత ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు. సీటు లేదు, సీటు దిగే గొట్టం నోరు తెరుచుకొని ఉంది. పైన రంగు మాత్రం సైకిలుది కాదు, పడవది. ముదురు నీలం, అంచుల్లో పసుపు గీతలు. పూత మీద పూత పడి ఒక్కోచోట అరటితొక్క మందాన ఉంది. వెతికి చూసినా ఎక్కడా తుప్పు చుక్క కనిపించలేదు.

"ఎన్నేళ్ళదన్నా?" అని అడిగాను.

"నా కొట్టంలో వేలాడబట్టి ఇరవై మూడేళ్ళు. ఏటేటా రంగేస్తా. వేట ఆపిన రెణ్ణెల్లల్లో పడవకి రంగేస్తాం గదా, అప్పుడే దీనికీ. ముందు దీనికి, తర్వాతే పడవకి."

ఆ మాట ఆయన గొప్పగానే చెప్పాడు. నేనూ గొప్పగానే విన్నాను.

ఆయన అడిగిన పని ఇది. గేర్లన్నీ తీసెయ్యాలి. వెనక ఒక్క పళ్ళచక్రం, ముందు ఒక్కటి, మధ్యలో ఒక్క చైను. రెండు బ్రేకులూ కుడిచేతి కిందే ఉండాలి. ఎందుకంటే ఆయన తమ్ముడు వినోద్‌కి ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పూర్తిగా, ఎడమ కాలు సగం పడిపోయాయి. పాత రేసు సైకిళ్ళకు గేరు మార్చే పుల్లలు హ్యాండిలు దగ్గర ఉండవు, కింద వాలు గొట్టానికి ఉంటాయి. గేరు మార్చాలంటే ఒక చెయ్యి వదలాలి. ఒక్క చెయ్యే ఉన్నవాడు ఏ చెయ్యి వదులుతాడు?

"మంచాన పడ్డాక నాలుగు నెల్లల్లో వాడు నోరు తెరిచి ఏదైనా కావాలన్నది ఇదొక్కటే. అన్నం వొద్దంటాడు, డాక్టరు చెప్పిన కసరత్తు వొద్దంటాడు. మొన్న ఉన్నట్టుండి 'సైకిలు' అన్నాడు. ఆరు నెల్ల లోపల కాలు కదిలిస్తేనే కదిలినట్టు, ఆ తర్వాత కష్టమన్నాడు నెల్లూరు డాక్టరు. నాలుగు అయిపొయినాయి. నువ్వేం చేస్తావో నాకు తెలీదు పెంచలా, నా తమ్ముణ్ణి దీని మీద కూర్చోబెట్టు."

ముత్యాలన్న గురించి చెప్పాలంటే ఇక్కడ కాస్త వెనక్కి పోవాలి. ఇదంతా ఆయన నోటితోనే, ఆ తర్వాతి వారాల్లో నా షాపు బల్ల మీద కూర్చొని చెప్పినది.

వాళ్ళది కోటకు తూర్పున, రొయ్యల గుంటలు దాటి, సరుగుడు తోపులు దాటి, సముద్రం ఒడ్డున ఉన్న పాళెం. ముత్యాలన్న ఐదో తరగతి వరకే చదివి తండ్రితో పాటు పడవెక్కాడు. తమ్ముడు తనకంటే పన్నెండేళ్ళు చిన్న. వాణ్ణి మాత్రం పడవ తాకనివ్వలేదు, కాలేజీలో చేర్పించాడు. అక్కడ వ్యాయామం సారు ఒకాయన, కుర్రాడి పిక్కలు చూసి, తను వయసులో తొక్కిన రేసు సైకిలు ఇచ్చేశాడు. వినోద్ జిల్లా పోటీల్లో మొదటివాడిగా వచ్చాడు. రాష్ట్రం జట్టు శిక్షణకి హైదరాబాదు రమ్మని కాగితం వచ్చింది. ఆ కాగితం వచ్చిన పదకొండో రోజున తండ్రి వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ వచ్చింది, ఆయన రాలేదు.

పడవను ఒక్కడు నడపలేడు. కూలికి వచ్చేవాడు వాటా అడుగుతాడు, లేదా గాలి తిరిగిన రోజు రానంటాడు. ముత్యాలన్న తమ్ముణ్ణి పిలిచి, "ఒక్క వేట కాలం నాతో రా. పైయేడు నువ్వు హైదరాబాదు పో, నేనే బస్సెక్కిస్తా" అన్నాడు. అన్నప్పుడే అది అబద్ధమని ఆయనకు తెలుసు.

"తెలిసే అన్నా. పైయేడైనా పడవకి ఇద్దరు కావాల గదా. కానీ మొగాన కొట్టినట్టు 'నీ రేసు అయిపోయింది' అని ఎట్టా చెప్పేది? నా నోరు రాలా."

మూడేళ్ళు వినోద్ అడిగాడు. మూడేళ్ళూ ఈయన 'వచ్చే ఏడు' అన్నాడు. నాలుగో ఏడు వినోద్ అడగడం మానేశాడు. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. వాడు పడవెక్కిన మొదటి ఏడే సైకిలును ముక్కలుగా విప్పి, చక్రాలూ హ్యాండిలూ గోనెసంచిలో కట్టి, ఫ్రేమును వలల కొట్టంలో దూలానికి వేలాడదీసింది ముత్యాలన్నే. వాడు చూసి బాధపడతాడని అలా పైన పెట్టాడు. చూడకుండా ఉండలేక తను మాత్రం ఏటా దించి రంగేసేవాడు. ఆ పని తమ్ముడికి తెలుసు. ఇద్దరిలో ఎవరూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు.

ఇంత ప్రేమ ఉండి ఒక్క నిజం చెప్పడానికి నోరు రాని మనుషుల్ని చూస్తే నాకు చెడ్డ కోపం. ఆ కోపంతోనే ఆయన మాటలు విన్నాను. నా వంతు కూడా వస్తుందని అప్పుడు తెలియదు.

మర్నాడు గోనెసంచి తీసుకోవడానికి పాళెం వెళ్ళాను. వినోద్ వసారాలో కుర్చీలో ఉన్నాడు. నలభై రెండేళ్ళ మనిషి. మూతి ఒక పక్కకు లాగింది, మాట ముద్దముద్దగా వస్తుంది, కానీ కళ్ళు చురుగ్గా ఉన్నాయి. ముత్యాలన్న భార్య ధనలక్ష్మి మరిదికి గడ్డం గీస్తోంది. నేను సైకిలు మేస్త్రీనని తెలియగానే వినోద్ తల తిప్పాడు, బ్లేడు గీరుకోబోయింది.

"అ..వు..తుందా?" అన్నాడు.

"ఎందుకు కాదన్నా? ఉక్కు అది. ఇంకో యాభై ఏళ్ళు తొక్కొచ్చు. నువ్వు కాలు రెడీ చేసుకో, నేను సైకిలు రెడీ చేస్తా" అన్నాను.

అప్పటికి నేను ఫ్రేము విప్పి చూడలేదు. పైనున్న రంగు చూసి మాట ఇచ్చేశాను. మద్రాసులో నాకు పని నేర్పిన మేస్త్రీ అయితే ఆ మాటకి చెంప పగలగొట్టేవాడు. విప్పకుండా మాట ఇవ్వకూడదన్నది ఆయన మొదటి రోజు నేర్పిన పాఠం.

పని మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఎన్నో ఏళ్ళ తర్వాత చేతులకు సంతోషం కలిగించిన పని అది. వెనక చక్రం నుంచి ఐదు పళ్ళచక్రాల కట్టను ఊడదీశాను. దాని చోట ఇరవై పళ్ళది ఒక్కటే బిగించాలి, బలం తక్కువున్న కాలుకి తేలిగ్గా ఉంటుందని. అట్లా ఒక్కటే పెట్టినప్పుడు చైను వంకరపోకుండా ముందుదానికి సూటిగా రావాలి. అందుకని ఇరుసు మీద కుడిపక్కనున్న వాషర్లు కొన్ని తీసి ఎడమ పక్కకు వేశాను. అప్పుడు రిమ్ము నడిమధ్యకు రాదు గనుక, స్పోకుల్ని ఒక పక్క బిగించి ఒక పక్క వదులు చేస్తూ రిమ్మును జరుపుకొచ్చాను. ఆ పనికే రెండు రోజులు పట్టింది. రెండు బ్రేకు తీగల్నీ ఒకే పిడికి కలిపాను. ఎడమ పెడలుకి తోలు పట్టీ కుట్టించాను, పాదం జారకుండా.

పెడళ్ళ ఇరుసు తిరిగే అడుగు గూడును మేము బీబీ అంటాం. ఫ్రేములో గొట్టాలన్నీ వచ్చి కలిసేది అక్కడే, తొక్కేవాడి బరువంతా పడేదీ అక్కడే. దాని మూత బిగుసుకుపోయింది. ఉప్పుగాలికి అది మామూలే. పైనుంచి డీజిలు పోసి, నానితే అదే వస్తుందని వదిలేశాను. మద్రాసు నుంచి రావలసిన సామాన్లు ఎలాగూ రాలేదు. తొందర లేదనుకున్నాను.

ఈలోగా పాళెంలో ఒక సంగతి జరిగింది. ధనలక్ష్మి ఫోను చేసింది.

"పెంచలన్నా, మా మరిది ఈ పొద్దు గోడ పట్టుకొని లేసినాడన్నా. ఎవురూ లేపలా. నేను వంటింట్లో ఉండా. 'వదినా' అని పిలస్తే వొచ్చి చూస్తే నిలబడి ఉండాడు."

వారం తిరిగేసరికి కర్ర పట్టుకొని వాకిలి దాకా వచ్చాడు. ఇంకో వారానికి వీధి కొళాయి దాకా. పూటకు రెండు ముద్దలు తినేవాడు పళ్ళెం ఖాళీ చేస్తున్నాడట. కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా ఎడమకాలి కింద సీసా పెట్టుకొని అటూ ఇటూ దొర్లిస్తున్నాడట. ఎవరైనా పలకరిస్తే 'ఆగస్టు' అంటున్నాడట. ఆగస్టులో సైకిలు ఇస్తానని చెప్పింది నేనే.

ఇప్పుడు కూలి మనిషితో వేటకు పోతున్న ముత్యాలన్న, వచ్చిన రోజల్లా చేపల బుట్ట దించి నేరుగా నా షాపుకు వచ్చేవాడు. బల్ల మీద కూర్చొని, నేను తిప్పే చక్రాన్ని చూస్తూ ఉండేవాడు. ఒకరోజు ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "వాడు నడస్తా ఉండాడబ్బయా. నేను ఇరవై మూడేళ్ళ కిందట ఆపేసినా. నువ్వు మళ్ళా నడిపిస్తా ఉండావు" అన్నాడు. నేను పెద్ద మేస్త్రీలా నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

జులై ఆఖరి వారంలో సామాన్లు వచ్చాయి. ఇక బీబీ ఒక్కటే మిగిలింది. ఫ్రేమును బల్లకు బిగించి, పానాకు బారెడు పైపు తొడిగి, బలమంతా పెట్టి తొక్కాను. మూత తిరగలేదు. మూతతో పాటు గూడే తిరిగింది. వాలు గొట్టం అడుగున, రంగు మెరుస్తూ ఉన్నచోట, పటుక్కుమని చీలింది. లోపల్నుంచి ఎర్రటి బురద నా చెప్పుల మీద పడింది. అది బురద కాదు, ఉక్కు. వేలు పెడితే అప్పడంలా విరిగింది. బయట అరటితొక్క మందాన రంగు, దాని వెనక కాగితమంత ఇనుము. అంతే మిగిలింది.

చాలాసేపు నాకేమీ అర్థం కాలేదు. వేలాడదీసిన ఫ్రేము, ఎండలో లేనిది, వానలో లేనిది, లోపల ఇంత ఎలా కుళ్ళింది? అప్పుడు దాన్ని తలకిందులు చేసి అడుగున రంగు గీకాను. గీకగా గీకగా గట్టి ముద్ద తగిలింది. ఫైబరు పడవలకు చిల్లులు పూడ్చే రెసిన్ అది.

రేసు సైకిళ్ళకు బీబీ అడుగున చిన్న చిల్లు ఉంటుంది, అగ్గిపుల్ల దూరేంత. చేసినవాళ్ళు కావాలనే పెడతారు. సీటు గొట్టంలోంచి దిగిన నీళ్ళు, చెమ్మ అన్నీ గూట్లోకి చేరి ఆ చిల్లులోంచి కారిపోతాయి. కొట్టం తాటాకుల కప్పు కారిన ప్రతి వానకీ, తెరిచి ఉన్న సీటు గొట్టంలో చుక్క చుక్క పడుతూనే ఉంది. తుఫాను రోజుల్లో సముద్రపు తుంపర కూడా. పోవడానికి దారి లేదు.

ఆ సాయంత్రం ముత్యాలన్న వచ్చాడు. చీలిన ఫ్రేమును చూసి, నేను పడేశాననుకొని ఒక్క అరుపు అరిచాడు. నేను ఆ చిల్లు చూపించాను.

"ఇది మూసిందెవరన్నా?"

"నేనే. అడుగున బొక్క ఉంటే మూయమా? మొదటి ఏడు రంగేసేటప్పుడు కనపడింది. అయ్యో ఇన్నాళ్ళూ చూసుకోలేదే అని పడవకి పూసే కీలు పెట్టి మూసినా. తర్వాత ఫైబరు పడవలు వొచ్చినాక రెసిన్ పెట్టినా. ఏడాదికొకసారి చూస్తా, సందు పడిందేమోనని."

"అన్నా, పడవలోకి నీళ్ళు రాకూడదు. దీంట్లోంచి నీళ్ళు పోవాల."

ఆయనకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమైన క్షణం నేను చూశాను. ఆ మొహం మళ్ళీ చూడాలని లేదు. మెల్లగా వంగి నేల మీద కూర్చున్నాడు. చీలిన చోట వేలు పెట్టి, విరిగిన ఇనుప పెచ్చులు అరచేతిలోకి తీసుకున్నాడు.

"ఇరవై మూడు సార్లు మూసినా పెంచలా" అన్నాడు. "ముందు దీన్ని మూసి, తర్వాతే పడవ మూసినా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన తప్పేముంది? అడుగున చిల్లు కనిపిస్తే ఆ పాళెంలో ఏ మనిషీ ఊరుకోడు. చిన్న చిల్లు మూయకపోతే ప్రాణం పోతుందని పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్నవాడు. తండ్రిని సముద్రానికి ఇచ్చినవాడు. తమ్ముడి వస్తువుకి తనకు తెలిసిన అతి పెద్ద జాగ్రత్త తీసుకున్నాడు. ఆ జాగ్రత్తే దాన్ని చంపింది.

మద్రాసులో మేస్త్రీకి ఫోటోలు పంపాను. అడుగంతా పోయింది, గొట్టాలు మార్చినా నిలవదు, దీని మీద మనిషిని ఎక్కించొద్దు అన్నాడు. ఆ మాట ముత్యాలన్నకు చెప్పాను. చెప్పి, "వినోదన్నకి మనమే చెబుదాం పదన్నా. నేనూ వస్తాను" అన్నాను. ఈ ఒక్క మాట నేను సరిగ్గా అన్నాను. దాని మీద నిలబడలేదు.

"చెప్పబాక" అన్నాడు ముత్యాలన్న. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇప్పుడు చెబితే వాడు కూలబడతాడు. ఈ ఆశ మీదే నడస్తా ఉండాడు. ఇట్టాంటిదే ఇంకోటి చూడు. ఇదే రంగు నేనేస్తా. ముందు వాడు ఎక్కనీ. కాలు బాగుపడనీ. తర్వాత నిదానంగా నేనే చెబుతా."

తర్వాత, నిదానంగా. ఆయన ఇరవై మూడేళ్ళ కింద అన్న మాటకూ దీనికీ తేడా లేదని నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసీ సరేనన్నాను. ఎందుకో దాచను. విప్పకుండా మాట ఇచ్చింది నేను. ఆ పాళెం వెళ్ళి, ఆ కళ్ళల్లోకి చూసి, నా మాట ఉత్తదని చెప్పే ధైర్యం నాకు లేదు. ముత్యాలన్న అబద్ధం నాకు కూడా అక్కరకొచ్చింది.

ధనలక్ష్మి ఒక్కతే ఎదురు చెప్పింది. వెతికి తెచ్చిన రెండో ఫ్రేము తీసుకొని నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, వలల కొట్టం వెనక ముత్యాలన్న కుంచె పట్టుకొని ఉన్నాడు. వినోద్ ముందు వసారాలో నిద్రపోతున్నాడు. ఆమె గొంతు తగ్గించి అంది.

"ఆయన కాలే పడిపొయింది, బుర్ర పడిపోలా. మీరిద్దరూ కలిసి ఆయన్ని పసిబిడ్డను చేస్తా ఉండారు. చెప్పేయండి."

"నువ్వు లోపలికి పో" అన్నాడు ముత్యాలన్న. ఆమె నా వైపు చూసింది. నేను రంగు డబ్బా మూత తీస్తున్నట్టు తల దించుకున్నాను.

ఆ రెండో ఫ్రేము మద్రాసులో పాత సామాన్ల సందులో దొరికింది. అది కూడా ఉక్కే, అదే ఎత్తు, అదే రకం తొడుగులు. మంచి ఫ్రేము. లోపల విప్పి చూసి మరీ తెచ్చాను. ముత్యాలన్న నాలుగు పూతలు వేశాడు, పాత రంగులా కనిపించాలని అక్కడక్కడ ముడతలు కూడా పెట్టాడు. పసుపు గీతలు తడబడకుండా లాగాడు. చక్రాలు, హ్యాండిలు, పెడళ్ళ క్రాంకులు అన్నీ వినోద్‌వే బిగించాను. బిగించి ఒకసారి కోట వీధుల్లో తొక్కాను. చైను చప్పుడు లేదు. తొక్కుతుంటే అంత హాయిగా ఉంది. ఎక్కితే చాలు, ఎక్కిన తర్వాత ఏదీ గుర్తుకు రాదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆగస్టు రెండో ఆదివారం పొద్దున పాళెం తీసుకెళ్ళాను. ఇళ్ళు దాటాక సరుగుడు తోపు పక్కన తారురోడ్డు కొంత దూరం చదునుగా ఉంటుంది. అక్కడికి వినోద్ తనే నడిచి వచ్చాడు. కర్ర ఉంది, కానీ అన్న భుజం పట్టుకోలేదు. ఉతికిన చొక్కా, కాలికి ఎప్పటివో కాన్వాసు బూట్లు. ఎడమ బూటు తాళ్ళు వదిన కట్టిందట, కుడిది తనే ఒంటి చేత్తో కట్టుకున్నాడట. నలభై అడుగుల దూరం నుంచే సైకిలును చూసి నవ్వాడు. మూతి ఒక పక్కకే కదిలింది, అయినా అది పూర్తి నవ్వు. ముత్యాలన్న సైకిలును పట్టుకొని నిలబడ్డాడు.

వినోద్ కర్ర నాకిచ్చి, కుడిచేత్తో పై గొట్టాన్ని పట్టుకున్నాడు. చెయ్యి ముందుకు జరుపుకుంటూ పోయాడు. హ్యాండిలు దగ్గర, గొట్టం అడుగున బొటనవేలితో ఏదో వెతికాడు. మళ్ళీ వెతికాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. పాతదానికి అక్కడ పంపు తగిలించుకోవడానికి చిన్న ముక్కలాంటిది ఉండేది, చిటికెన గోరంత. దీనికి లేదు. సైకిలు మేస్త్రీని, అది నాకు కనపడలేదు. ఇరవై మూడేళ్ళు దానికి రంగేసిన ముత్యాలన్నకీ కనపడలేదు.

వినోద్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇ..ది కాదు" అన్నాడు.

తల తిప్పి మా ఇద్దరి వైపూ చూశాడు.

"నాది యాడ?"

ముత్యాలన్న నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇక దాచడానికేమీ లేదు. ముత్యాలన్న సైకిలు వదలకుండానే చెప్పాడు. చిల్లు సంగతి, రెసిన్ సంగతి, ఇరవై మూడేళ్ళు నీళ్ళు లోపల నిలిచిన సంగతి. చెబుతూ ఏడ్చాడు. "నేనే చంపినా నాయనా, నీ సైకిలును నేనే చంపినా" అన్నాడు.

వినోద్ కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఉన్న ఆ ఒక్క చేత్తో అన్న చెంప తుడిచాడు.

"నీకేం.. తెలుసు. పడవోడివి.. గదా" అన్నాడు.

అంతటితో అయిపోయిందనే అనుకున్నాను. గండం గడిచిందనుకున్నాను. ఎక్కుతాడేమోనని సీటు పట్టుకొని సైకిలును ఆయన పక్కకు వంచాను. వినోద్ సీటు వైపు చూశాడు. హ్యాండిలు వైపు, ఎడమ పెడలుకి కుట్టించిన తోలు పట్టీ వైపు చూశాడు. ఆ చూపులో ఎక్కాలన్న కోరిక ఉంది, నేను ప్రమాణం చేసి చెబుతాను. తర్వాత అన్న మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"రంగేసేటప్పటికే.. తెలుసు. ఇద్దరికీ" అన్నాడు. అది ప్రశ్న కాదు. అయినా ముత్యాలన్న తలూపాడు.

"వదినకీ?"

మళ్ళీ తలూపాడు.

వినోద్ సైకిలును నా వైపు నెట్టాడు. గట్టిగా కాదు, అక్కర్లేని పళ్ళెం జరిపినట్టు. మాటను ముక్కలు ముక్కలుగా కూడదీసుకొని, తడబడకుండా చెప్పాలని నోరు బిగించి, అన్నతో అన్నాడు:

"పోయిందని చెప్పుంటే.. దీన్నే తొక్కేవాణ్ణి గదన్నా."

ముత్యాలన్న రోడ్డు మీదే కూలబడ్డాడు. వినోద్ కర్ర కోసం నా వైపు చెయ్యి చాపలేదు. ఇంటి వైపు తిరిగి, వెనకే వచ్చి నిలబడ్డ వదినతో కుర్చీ తెమ్మన్నాడు. ఆమె తెచ్చి వేసింది. నడిరోడ్డు మీద ఆ కుర్చీలో కూర్చున్నాడు. మేమిద్దరం ఆ కుర్చీతో సహా ఆయన్ని ఎత్తి ఇంటికి మోసుకెళ్ళాం. ఆ తర్వాత ఆయన లేచి నిలబడలేదు.